44 మ్యాగ్నం రివాల్వర్ మీద గురి చూసుకోవడానికి ఏ సైటు పెట్టాలి? మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: సార్ నమస్తే. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా అబ్బాయి టెక్సాస్‌కి పోయి ఇరవై ఏళ్లయింది, ఇప్పుడు అక్కడి సిటిజనే. వాడి ఫ్రెండ్ పొలంలో అడవి పందులు పడి పంటంతా తవ్వేస్తా ఉంటే వీకెండ్ వీకెండ్ వీళ్లు పోయి కాల్చి వస్తారంట. దానికని 44 మ్యాగ్నం రివాల్వర్ కొన్నాడు, రూగర్ సూపర్ రెడ్‌హాక్, ఏడున్నర ఇంచుల బ్యారెల్‌ది. వాడికి 47 వచ్చినాయి, ముందు సైటు మసకగా కనపడతా ఉందంట. ఇంట్లో 3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపించే 3-9 రైఫిల్ స్కోపు ఒకటి ఊరికే పడుంది, అదే బిగించేస్తానంటాడు. ఫ్రెండ్సేమో అద్దంలో ఎర్ర చుక్క వెలిగే సైటు, రెడ్ డాట్ అంటారు, అది కొనుక్కోమంటా ఉండారు. నేను వచ్చే నెల వాడి దగ్గరికి పోతా ఉండా, మీరు పోలీసు ఆర్మరీలో, అదే ఆయుధాల గదిలో చేసినారు కదా, ఏం చెప్పమంటారు?

జవాబు: అన్నా, వచ్చే నెల దాకా ఆగొద్దండి, ఆ రైఫిల్ స్కోపు బిగించొద్దని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. మిగతా అంతా తీరిగ్గా మాట్లాడుకోవచ్చు గానీ ఇది మాత్రం కంటికి సంబంధించిన విషయం.

ఎందుకంటే స్కోపులో బొమ్మ నిండుగా కనపడాలంటే కంటికీ వెనక అద్దానికీ మధ్య ఇంత దూరం ఉండాలని ఒక లెక్క ఉంటాది, దాన్ని ఐ రిలీఫ్ అంటారు. రైఫిల్ స్కోపుకి అది మూడు నాలుగు ఇంచులే, రైఫిల్‌ని భుజానికి ఆనించి చెంప పెట్టి చూస్తాం కాబట్టి సరిపోతాది. రివాల్వర్‌ని చేతులు చాపి పట్టుకుంటాం, అంటే కంటికి దాదాపు రెండడుగులు. ఆ దూరం నుంచి రైఫిల్ స్కోపులో చూస్తే నల్లటి గొట్టం మధ్యలో శనగ్గింజంత వెలుగు తప్ప ఏం కనపడదు. కనపడలేదని మోచేతులు మడిచి తుపాకీని మొహం దగ్గరికి తెచ్చుకుంటారు చూడండి, ప్రమాదమంతా అక్కడే. నేను మా పాప దగ్గరికి డాలస్ పోయినప్పుడు ఒక రేంజిలో కళ్లారా చూసినా, ఒకాయన ఇట్లాగే పెద్ద రివాల్వర్ మీద రైఫిల్ స్కోపు పెట్టుకుని దగ్గరికి తీసుకుని కాల్చినాడు, స్కోపు అంచు కనుబొమ్మ మీద కొట్టి ఎముక దాకా తెగింది, చొక్కా అంతా రక్తం, కన్ను పోలేదంటే ఆయన అదృష్టం. 44 మ్యాగ్నం అంటే 15 గ్రాముల పైన ఉండే తూటా సెకనుకి 400 మీటర్ల పైన వేగంతో పోతాది, ఆ విసురంతా కిలోన్నర తుపాకీ మీదుగా వెనక్కి మన చేతుల్లోకే వస్తాది. మోచేతులు మడిచినోడికి దాన్ని ఆపే బలం ఉండదు.

అందుకని చేతి తుపాకీకని వేరే స్కోపులు చేస్తారు, లాంగ్ ఐ రిలీఫ్ అని వాటి మీదే రాసుంటాది, 12 నుంచి 24 ఇంచుల దూరంలో కూడా బొమ్మ నిండుగా కనపడతాది. ల్యూపోల్డ్ వాళ్లది 2x20, 4x28 అని పాత మోడల్స్ ఉండాయి, బరిస్ వాళ్లది 2-7x32 ఉంది, x ముందు అంకె జూమ్, వెనకది ముందు అద్దం సైజు మిల్లీమీటర్లలో. కొనేటప్పుడు ఆ ఐ రిలీఫ్ నంబర్ చూడకుండా కొంటే డబ్బులు పోసి పనికిరాని గొట్టం తెచ్చుకున్నట్టే.

ఇప్పుడు రెడ్ డాటా, స్కోపా? మీ అబ్బాయి ఎంత దూరం నుంచి కాలుస్తాడో రాయలేదు మీరు, జవాబంతా దాని మీదే ఉండాది. పంట చేలో పందులంటే మామూలుగా 50 గజాల లోపే, అట్లయితే రెడ్ డాటే పెట్టుకోమనండి, నా మాట అదే. కారణం ఆయన వయసు. నలభై దాటినాక కంట్లో లెన్సు గట్టిపడి దగ్గరి వస్తువు మీద ఫోకస్ నిలబడదు, ఇనుప సైట్లతో గురి పెట్టాలంటే వెనక సైటు, ముందు సైటు, పంది మూడూ ఒక లైన్లోకి రావాలి, కన్నేమో ఒకసారికి ఒకదాని మీదే నిలుస్తాది. రెడ్ డాట్‌లో ఆ చుక్క దూరంగా పంది దగ్గరే ఉన్నట్టు కనపడతాది కాబట్టి రెండు కళ్లూ తెరిచి పందిని చూస్తే చాలు, చుక్క దాని మీద వచ్చి కూర్చుంటాది. స్వీడన్‌లో ఎయిమ్‌పాయింట్ వాళ్లు 1975లో మొదటిది అమ్మినప్పుడు పెద్ద గొట్టం లాగుండేది, ఇప్పుడు ట్రిజికాన్ ఆర్ఎంఆర్ లాంటివి బ్యాటరీతో కలిపి 34 గ్రాములు, అగ్గిపెట్టెంత కూడా ఉండవు. కిలోన్నర తుపాకీని చేతులు చాపి మోసేవాడికి ముందువైపు బరువు పెరగకపోవడం కూడా పెద్ద లాభమే.

చుక్క సైజు కూడా అడుగుతారు షాపులో, ఎంఓఏ అని. ఒక ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర ఇంచి కంటే కొంచెం ఎక్కువ. ఆర్ఎంఆర్‌లో 1, 3.25, 6.5 సైజులు వస్తాయి. 6.5 చుక్క 50 గజాల దగ్గర మూడు ఇంచుల పైన కమ్మేస్తాది, చప్పున కనపడతాది గానీ సన్నగా గురి కుదరదు. 1 చుక్క ఎండలో వెతుక్కోవాలి. మూడు మూడున్నర దగ్గర తీసుకోమనండి.

దూరం 75, 100 గజాలైతే, పగటి పూట, చేతికి ఏదైనా ఆసరా పెట్టుకుని కాల్చేటట్టయితే స్కోపు మంచిది, అది కూడా 2x, మహా అంటే 4x. ఎక్కువ జూమ్ ఉంటే ఎక్కువ గురి కుదురుతాదనుకుంటారు అందరూ. మీరు ఒక పని చేయండన్నా, సాయంత్రం అలిపిరి దగ్గర నిలబడి 10x బైనాక్యులర్ కంటికి పెట్టుకుని కొండ మీద గాలిగోపురాన్ని చూడండి, గోపురం ఎట్ల ఊగుతాదో. కంటికి ఆనించుకుంటేనే అంత ఊగితే చాపిన చేతుల్లో కిలోన్నర బరువు పెట్టుకుంటే ఎంత ఊగాల? జూమ్ ఎంత పెంచితే మన వణుకు అంత పెద్దదై కనపడతాది, అది చూసి భయపడి గురి సరిగ్గా మధ్యలోకి వచ్చిన క్షణానికి ట్రిగ్గర్ లాగేద్దామని లటుక్కున గుంజుతాం, తూటా ఎక్కడికో పోతాది. పైగా జూమ్ పెరిగే కొద్దీ తల ఒక్క సెంటీమీటర్ పక్కకి జరిగినా బొమ్మ నల్లబడి పోతాది. వెలుతురు లెక్క కూడా ఉండాది, ముందు అద్దం సైజుని జూమ్‌తో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగు వెడల్పు వస్తాది, 2x20లో 10 మిల్లీమీటర్లు, 2-7x32ని 7 మీద పెడితే నాలుగున్నరే. పందులు వచ్చేది పొద్దుగూకేటప్పుడు కదా.

ఇంక అసలు విషయం, దీని మీద నాకు పట్టుదల ఎక్కువ. సైటు మీద పెట్టే డబ్బులో ముందు మౌంట్‌కి, అంటే సైటుని తుపాకీకి పట్టి ఉంచే బిగింపుకి పక్కన పెట్టమనండి. ఇట్లాంటి తుపాకీలో దెబ్బ వెనక్కే కాదు, వెంటనే పైకి కూడా తిప్పుతాది, స్కోపేమో తన బరువు కొద్దీ ఉన్నచోటే ఉండాలని చూస్తాది, మధ్యలో నలిగేది ఆ చిన్న స్క్రూలు. ఆర్మరీలో ఇన్నేళ్లు చేసి నేను చూసింది ఏందంటే, అద్దం చెడిపోయిన సైట్లు చాలా తక్కువ, స్క్రూ వదులై గురి పోయినవే ఎక్కువ. మీ అబ్బాయి కొన్న తుపాకీ ఈ విషయంలో మంచిదే, సూపర్ రెడ్‌హాక్‌లో ఫ్రేమ్ మీదే రింగులు కూర్చునే గాడి చేసిస్తారు, బాక్సులోనే 1 ఇంచు ట్యూబుకి సరిపోయే రింగులు ఇస్తారు. స్కోపైతే ఆ 1 ఇంచు ట్యూబుది చూసుకుంటే వేరే ఖర్చు లేదు. చిన్న రెడ్ డాట్ అయితే ఆ గాడిలో కూర్చునే అడాప్టర్ విడిగా కొనాలి, ఉక్కుతో చేసింది తీసుకోమనండి. బిగించే ముందు స్క్రూలకీ రంధ్రాలకీ నూనె జిడ్డు లేకుండా తుడవాలి, అడుగు మౌంట్ స్క్రూలకి స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు, నీలం రంగు లాక్టైట్ చుక్క వేయాలి, ఎరుపుది వేస్తే తర్వాత వేడి చేస్తే గానీ ఊడదు. ఎంత బిగించాలో కంపెనీ కాగితంలో ఇంచ్-పౌండ్లలో రాసుంటారు, చేతి అంచనా వద్దు, టార్క్ రెంచ్ వాడాలి. ఆఖర్న స్క్రూ తల మీద నుంచి రింగు మీదకి నెయిల్ పాలిష్‌తో సన్న గీత గీస్తే స్క్రూ కదిలిన రోజు గీత విరిగి కనపడతాది, మేము ఆర్మరీలో తెల్ల పెయింట్‌తో ఇదే చేసేవాళ్లం.

తూటాలు కూడా ఒక్కటే రకం పెట్టుకోమనండి. 44 మ్యాగ్నంలో 44 స్పెషల్ తూటాలు కూడా పడతాయి, దెబ్బ తక్కువ, ప్రాక్టీసుకి బాగుంటాయి, కానీ రెండూ ఒకే చోట తగలవు. రివాల్వర్‌లో బరువైన తూటా బ్యారెల్లో ఎక్కువసేపు ఉంటాది, అది బయటపడే లోపల బ్యారెల్ పైకి లేస్తాది, అందుకే బరువు తూటా పైన తగులుతాది, చాలామంది దీన్ని నమ్మరు. కాబట్టి పందికి ఏది వాడతాడో దాంతోనే 25 గజాల దగ్గర జీరో చేసి, అంటే గురి పెట్టిన చోటే తూటా తగిలేటట్టు సైటు సరిచేసి, తర్వాత 50కి పోవాలి. ఇసుక బస్తా మీద చేతుల్నీ ఫ్రేమ్‌నీ ఆనించొచ్చు, బ్యారెల్‌ని మాత్రం దేనికీ ఆనించకూడదు. తూటాలు పెట్టే సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులో నుంచి మంట, సీసం ముక్కలు పక్కకి చిమ్ముతాయి, వేళ్లు అక్కడ ఉండకూడదు, స్కోపు అడుగున మసి పడతాది, అది మామూలే. కళ్లద్దాలు తప్పనిసరి. శబ్దం 160 డెసిబెల్స్ దాటుతాది, చెవుల్లో ప్లగ్గులు పెట్టి వాటి మీద మఫ్‌లు కూడా పెట్టుకోమనండి, నా కుడి చెవి ఈ పొరపాటుకే సగం పోయింది.

మీ గురించి ఒక మాట అన్నా. విజిటర్ వీసా మీద పోయినోళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు ఉన్నోళ్లకి మినహాయింపు ఉంది. అయితే టెక్సాస్‌లో 2019 నుంచి ప్రైవేటు పొలంలో, ఓనర్ ఒప్పుకుంటే అడవి పందులకి వేట లైసెన్సే అక్కర్లేదు, అందుకని అబ్బాయి లైసెన్సు ఎందుకు నాన్నా అంటాడు, కానీ లైసెన్సు లేకపోతే మీకు ఆ మినహాయింపు కూడా లేనట్టే. నేను పోయినప్పుడు చేతులు కట్టుకుని చూసి వచ్చినా. ఆ పడున్న రైఫిల్ స్కోపుని సూట్‌కేసులో వేసుకుని తిరుపతికి తేవద్దు, తుపాకీ స్కోపులకి ఆడ ఎక్స్‌పోర్ట్ రూల్స్ ఉండాయి, ఈడ కస్టమ్స్ ఉండాది.

ప్రశ్న: అన్నా, నేను చంద్రగిరి వాడిని, కువైట్‌లో పని చేస్తా. అక్కడ ఎయిర్ గన్ మీద రెడ్ డాట్ పెట్టినా, చుక్క గుండ్రంగా లేదు, తోక ఉన్న నక్షత్రం లాగుంది. వాపస్ ఇచ్చి ఇంకోటి తెచ్చినా అంతే. డూప్లికేట్ మాలా?

జవాబు: తమ్ముడూ, రెండూ అట్లే ఉన్నాయంటే తేడా కంట్లో ఉండొచ్చు. అస్టిగ్మాటిజం, అంటే కంటి ముందు పొర వంపు అన్ని వైపులా సమానంగా లేకపోవడం, ఉన్నోళ్లకి చుక్క వెలుగు ఒకవైపుకి సాగి కనపడతాది. తేల్చుకోవడానికి సైటు వెనక ఫోన్ పెట్టి ఫోటో తీయి, ఫోటోలో గుండ్రంగా ఉంటే సైటు మంచిదే. ఊరికొచ్చినప్పుడు రాత్రిపూట కొండ మీద దీపాలు చూసినా తెలుస్తాది, ఒక్కొక్క దీపానికి ముళ్లు మొలిచినట్టు కనపడితే అదే. ముందు వెలుగు బాగా తగ్గించి చూడు, చాలామంది ఎండకి పెట్టిన వెలుగునే నీడలో కూడా ఉంచేస్తారు. తర్వాత డాక్టర్ దగ్గర దాన్ని సరిచేసే సిలిండర్ పవర్‌తో కళ్లద్దాలు చేయించుకో. అప్పటికీ కుదరకపోతే అద్దం మీదే గుర్తు చెక్కిన ప్రిజం సైటు ఉంటాది, కానీ దానికి కన్ను దగ్గర పెట్టాలి, రైఫిల్‌కే పనికొస్తాది, పిస్టల్‌కి కాదు.

ప్రశ్న: సార్, మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. మా పాప తొమ్మిదో క్లాసు, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటా ఉంది. మా బంధువొకాయన రెడ్ డాట్ గిఫ్ట్ ఇస్తానంటా ఉండాడు. పెట్టొచ్చా?

జవాబు: వద్దమ్మా, ఆయనకి మర్యాదగా చెప్పేయండి. అంతర్జాతీయ షూటింగ్ సంఘం ఐఎస్ఎస్ఎఫ్ రూల్స్‌లో పిస్టల్ పోటీలకి ఓపెన్ సైట్లు, అంటే అద్దం లేని మామూలు సైట్లు మాత్రమే, రెడ్ డాట్, లేజర్, స్కోపు ఏదీ ఒప్పుకోరు, ఇంట్లో దాంతో అలవాటైతే పోటీలో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఆ టార్గెట్‌లో పది అంటే 11.5 మిల్లీమీటర్ల చుక్క, దాన్ని స్పష్టంగా చూడాలని పిల్లలు కళ్లు చికిలిస్తారు. చూడాల్సింది ముందు సైటు, టార్గెట్ నల్లగా మసకగా కనపడితే చాలని కోచ్ చెప్తానే ఉంటారు, పాపకి అది అలవాటు కావాలి. వెనక సైటు సందు వెడల్పు మార్చుకునే స్క్రూ మంచి పిస్టళ్లకి ఉంటాది, ముందు సైటుకి రెండు పక్కలా కొంచెం వెలుగు కనపడేంత పెట్టించండి.

గిఫ్ట్ ఇవ్వాలనే ఉంటే ఆ డబ్బుతో షూటింగ్ కళ్లద్దాలు కొనిమ్మనండి. పవర్ అద్దం పిస్టల్‌కి పెట్టకూడదు గానీ కళ్లద్దాలకి పెట్టుకోవచ్చు. పాపకి పవర్ ఉందో లేదో చూపించుకునేటప్పుడు డాక్టర్ దగ్గరికి పిస్టల్ తీసుకుపోవాల్సిన పని లేదు, పాపని పొజిషన్‌లో నిలబెట్టి కంటి నుంచి ముందు సైటు దాకా టేపు పెట్టి ఎన్ని సెంటీమీటర్లో కొలిచి ఒక చీటీ మీద రాసుకుని పోండి, ఆ దూరానికి లెన్సు కావాలని అడగండి.