మినిమం డ్యూ కడుతూ దసరా షాపింగ్ చేయవచ్చా?

ప్రశ్న: నేను ఖమ్మంలో ప్రైవేటు స్కూల్ టీచర్ని. మా ఇద్దరి జీతాలు కలిపి 58 వేలు. నిరుడు దసరాకు వాడిన క్రెడిట్ కార్డు బాకీ ఇంకా 60 వేలుంది. మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం, ఏ నెలా తప్పకుండా కడుతున్నాను. ఈసారి ఫ్రిజ్ మార్చాలి, 30 వేలు అవుతుంది. అదే కార్డుకు 10 శాతం డిస్కౌంట్, నో కాస్ట్ ఈఎంఐ (వడ్డీ లేని వాయిదాలు) ఉన్నాయి. మా మరిది కూడా నా కార్డు మీదే ఫోన్ కొంటానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఫ్రిజ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 60 వేలు. మినిమం డ్యూ కడితే లేట్ ఫీజు పడదు, అప్పులు ఎలా కడుతున్నామో నమోదు చేసే సిబిల్‌లో ఎగవేత కింద రాయరు. అంతవరకే. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3 నుంచి 3.75 శాతం ఉంటుంది. 3.5 అనుకుని లెక్కేద్దాం. 60 వేలకు నెల వడ్డీ 2,100, దాని మీద 18 శాతం జీఎస్టీ 378, వెరసి 2,478. మినిమం డ్యూ 5 శాతం, అంటే 3,000 కడితే అసలులో తగ్గేది 522 రూపాయలే. ఊళ్లో ఎవరైనా మూడు రూపాయల వడ్డీ అంటే అమ్మో అంటాం. మీ కార్డుది అంతకంటే ఎక్కువే.

ఇంకో చిక్కుంది. బిల్లు మొత్తం కట్టేవాళ్లకే వడ్డీ లేని గడువు వర్తిస్తుంది. పాత బాకీ ఉండగా ఏం కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ. 10 శాతం డిస్కౌంట్ అంటారు గానీ కింద చిన్న అక్షరాల్లో గరిష్ఠంగా 1,500 అనో 2,000 అనో ఉంటుంది, చూడండి. 1,500 తగ్గిందే అనుకుందాం. మిగిలిన 28,500కు మొదటి నెలే వడ్డీ, జీఎస్టీ కలిపి 1,177. రెండో నెల పది రోజులు తిరక్కుండానే మీ డిస్కౌంట్ ఖర్చయిపోతుంది.

మరి నో కాస్ట్ ఈఎంఐ? క్రెడిట్ కార్డు ఈఎంఐల్లో సున్నా వడ్డీ అనే మాటకు రిజర్వ్ బ్యాంక్ 2013లోనే అడ్డు చెప్పింది. ఇప్పుడు వడ్డీ అంత మొత్తం ధరలో ముందే తగ్గించి, ఈఎంఐలో తిరిగి తీసుకుంటున్నారు. ఆ వడ్డీ మీద జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ ఫీజు మీవే. ఆరు నెలలకు ఏ నాలుగైదు వందలో అవుతుంది. బాకీ లేనివాళ్లయితే నేనే తీసుకోమంటాను. మీ విషయంలో తంటా ఏమిటంటే, నెలకు సుమారు 5,000 ఈఎంఐ మొత్తం మినిమం డ్యూలో కలుస్తుంది. ఇప్పటి 3,000 కాస్తా 8,000 అవుతుంది.

కాబట్టి ముందు బాకీని చవక వడ్డీలోకి మార్చండి. ఇప్పటి ధరకు తులం నగ బ్యాంకులో పెడితే 60 వేలు రావచ్చు. ఏడాదికి 10 శాతం వడ్డీ అయినా 6,000. కార్డు మీద అదే ఏడాదికి 29 వేల దాకా పోతోంది! నగ పెట్టడం ఇష్టం లేకపోతే బాకీని ఈఎంఐగా మార్చమని కార్డు బ్యాంకునే అడగండి. 15 శాతానికి ఇస్తే నెలకు సుమారు 5,400, ఏడాదిలో తీరిపోతుంది. ఆ ఏడాదీ కార్డు బీరువాలో ఉండాలి, ఫోన్‌లోని షాపింగ్ యాప్‌ల నుంచి కూడా తీసేయాలి.

పాత ఫ్రిజ్ చల్లబరుస్తూ ఉంటే సంక్రాంతి దాకా ఆగండి, ఆఫర్లు అప్పుడూ వస్తాయి. అసలు పనిచేయకపోతే చిన్న మోడల్ చూసి డబ్బిచ్చి కొనండి.

మరిదికి కాదని చెప్పడం ఇబ్బందే, తెలుసు. అయినా వాయిదాల్లో ఇస్తానంటే ఒప్పుకోవద్దు. అతను ఒక నెల ఆలస్యం చేస్తే ఫోన్ అతని జేబులో, లేట్ ఫీజు మీ బిల్లులో, మచ్చ మీ సిబిల్‌లో. ముందే మొత్తం డబ్బు మీ ఖాతాలో వేస్తే ఆ ఒక్కసారికి కార్డు బయటికి తీసి కొనివ్వండి, ఆ డబ్బు అదే రోజు కార్డుకు కట్టేయండి.

బిల్లు గడువు జీతానికి ముందు పడుతోందేమో కూడా చూసుకోండి. నెలాఖరున చేతిలో డబ్బు లేకే చాలామంది మినిమం డ్యూతో సరిపెడతారు. బిల్లింగ్ తేదీని కనీసం ఒకసారైనా మార్చుకునే వీలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. జీతం పడిన నాలుగైదు రోజులకు గడువు వచ్చేలా మార్చమని బ్యాంకును అడగండి.