తేడా నేలదా, జన్యువులదా?

ప్రశ్న: కాలిఫోర్నియాలో అడవి ఓట్స్ (అవీనా బార్బాటా) చల్లని తీరంలో ఒక రకం, ఎండిన లోయల్లో ఇంకో రకం ఉంటుందట. ఆ తేడా నేల వల్ల కాదని ఎలా తేల్చాలి?

జవాబు: ఇది మధ్యధరా ప్రాంతం నుంచి వెళ్లిన గడ్డి, క్రోమోజోములు 28. దాదాపు పూర్తిగా స్వపరాగ సంపర్కమే, కాబట్టి పిల్లలు తల్లి పోలికతోనే వస్తాయి. 1972లో జన్యు శాస్త్రవేత్తలు క్లెగ్, అల్లార్డ్ ఐదు ఎంజైమ్ జన్యుస్థానాలు (క్రోమోజోముపై జన్యువుండే చోట్లు) చూసి, తేమ చోట్ల ఒక కలయిక, పొడి చోట్ల మరొకటి పాతుకున్నాయని చూపారు. అయితే జన్యువులు వేరని తేలినంత మాత్రాన అది అనుకూలనం (ఆ చోటికి తగ్గట్టు మారడం) అయిపోదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

ముందు జాతి సరిచూడండి: పూపొట్టు కొన రెండు సన్నని ముళ్లుగా చీలితే బార్బాటా, అలా చీలకపోతే బహుశా ఫాటువా అనే మరో అడవి ఓట్స్ జాతి. రెండు చోట్ల గింజల్నీ మొదట ఒకే తోటలో ఒక తరం పెంచండి. లేకపోతే నీరు బాగా అందిన తల్లి ఇచ్చిన బరువైన గింజ మొలకకు బలమిచ్చి, జన్యువుల తేడాలా భ్రమింపజేస్తుంది. మొలక సమంగా రావాలంటే పొట్టు తీసి నాటండి. రెండో తరాన్ని రెండు చోట్లా నాటి, ఎత్తు కాదు, మొక్కకు ఎన్ని గింజలో లెక్కించండి. ఒకే నేలలోనూ తేడా నిలిస్తే అది జన్యువులదే; ప్రతి రకమూ తన చోట రెండోదాని కంటే ఎక్కువ గింజలిస్తే అది అనుకూలనం. గింజలు పండగానే రాలిపోతాయి, అంతకుముందే కంకులకు సంచులు కట్టాలి.