మూడు పసుపు వ్యాన్లు

ప్రశ్న: నేను మండల విలేకరిని. ప్రెస్‌మీట్లు, ప్రమాదాలు తప్ప ప్రత్యేక కథనం రాద్దామంటే ఏమీ తట్టడం లేదు. ఓఎల్‌ఎక్స్‌లో అమ్మకం ప్రకటనలు చూస్తే వార్తలు దొరుకుతాయని మా సీనియర్ అంటున్నారు. నిజమేనా?
— ఒక కంట్రిబ్యూటర్, నల్గొండ జిల్లా

జవాబు: నిజమేనండీ. నాకూ ఒకటి అలాగే దొరికింది.

2020 ఆగస్టులో సెకండ్ హ్యాండ్ స్కూటర్ కోసం వెతుకుతుంటే మా ఊరి చుట్టుపక్కల నుంచే మూడు పసుపు స్కూల్ వ్యాన్లు అమ్మకానికి కనిపించాయి. ఒకదానిమీద స్కూలు పేరు కనబడకుండా తెల్ల పెయింట్ కొట్టారు. అయినా చివరి రెండక్షరాలు తెలుస్తూనే ఉన్నాయి. కరోనాతో మార్చి నుంచి బడులు మూతపడ్డాయని మేం రాస్తూనే ఉన్నాం. ఆ వ్యాన్లు ఎవరివి, ఈఎంఐలు ఎవరు కడుతున్నారు అని మాత్రం ఎవరమూ అడగలేదు.

ఫోన్ చేస్తే ఎత్తింది డ్రైవరు. బండి అతనిదే. ఫైనాన్స్‌లో కొని స్కూలుకు తిప్పేవాడు. నెలాఖరుకు మారటోరియం, అంటే ఈఎంఐలు వాయిదా వేసుకునే వెసులుబాటు, అయిపోతుంది, ఈలోపే అమ్మేయాలని తొందర. నేను ధర, మోడల్ అడిగి, ఆ తర్వాత విలేకరినని చెప్పాను. “అయితే కొనరా సార్?” అన్నాడు. ఆ గొంతు నాకింకా గుర్తుంది. మీరు ఆ తప్పు చెయ్యకండి. అవతలివాళ్లు బేరం వచ్చిందన్న ఆశతోనే ఫోనెత్తుతారు. మీరెవరో మొదటి మాటలోనే చెప్పండి.

మర్నాడు మిగతా ఇద్దరినీ కలిశాను. అదే కష్టం. అప్పుడే కథనం రాశాను. ఒక్క ప్రకటన చూసి రాయలేం. ఒకే రకం వస్తువు ఒకే ప్రాంతం నుంచి వరసగా వస్తుంటే వెంటనే ఆరా తియ్యాలి.

2020 ఏప్రిల్‌లో గుజరాత్‌లోని ఐక్యతా విగ్రహాన్నే ఎవరో 30 వేల కోట్లకు ఓఎల్‌ఎక్స్‌లో అమ్మకానికి పెడితే కేవడియాలో కేసు నమోదైంది. అలాంటివి వెతక్కపోయినా అందరికీ తెలుస్తాయి. మీ మండలంలో వ్యాను అమ్ముకునే మనిషి సంగతి మీరు వెళ్తేనే తెలుస్తుంది.

“ఆర్మీలో పనిచేస్తున్నాను, బదిలీ అయింది” అంటూ బుల్లెట్ బండిని మరీ చవగ్గా పెట్టారంటే అనుమానించండి. అదే ఫొటో వేరే ఊళ్లో, వేరే నంబరుతో కనిపించవచ్చు. పరీక్షించడానికైనా డబ్బు పంపకండి. ఇలాంటి ఫిర్యాదులున్నాయేమో సైబర్ క్రైమ్ పోలీసులను అడగండి.

ఇంకో మాట. బండి అమ్ముడుపోగానే ప్రకటన తీసేస్తారు. కనిపించిన వెంటనే స్క్రీన్‌షాట్ తీసి తేదీ రాసుకోండి. ఫోన్ నంబరు, బండి నంబరు మాత్రం అచ్చులోకి రానివ్వకండి.