‘అనిర్వచనీయం’ ఎవరికి చెల్లుతుంది?

సందేహం: “భగవత్తత్త్వం అనిర్వచనీయం” అని ఒక వ్యాసంలో రాశాను. వేదాంతం చదివిన మిత్రులొకరు, ఆ మాట మాయకు చెల్లుతుంది గాని భగవంతుడికి చెల్లదన్నారు. ఆ ప్రయోగం తప్పా? దానికి తెలుగు మాట ఏదైనా ఉందా?

సమాధానం: పరిభాష వరకు మీ మిత్రుల మాట సరియైనదే. అద్వైతులు అనిర్వచనీయమన్నప్పుడు, ఉన్నదనిగాని లేదనిగాని తేల్చరానిదని అర్థం. తాడులో తోచిన పాము అటువంటిది, మాయా అటువంటిదే. బ్రహ్మం సత్తే, అంటే ఎప్పుడూ ఉన్నదే, కనుక అక్కడ తేలనిదేమీ లేదు. బ్రహ్మసూత్రాలకు రాసిన వ్యాఖ్య శ్రీభాష్యంలో రామానుజులు ఖండించినదీ ఈ అర్థాన్నే. అయితే నారదభక్తిసూత్రాలలో “అనిర్వచనీయం ప్రేమస్వరూపమ్” అని 51వ సూత్రం ఉన్నది. దాని వెంటనే “మూకాస్వాదనవత్”, అంటే మూగవాడు రుచి చూసినట్లు, అని మరొకటి. ఇక్కడ మాయ ప్రసక్తి లేదు. కనుక మీ ప్రయోగాన్ని తప్పనడానికి నాకు మనసొప్పదు.

నా అభ్యంతరం వేరొక చోట ఉన్నది. వచనం వేరు, నిర్వచనం వేరు. వేదపదాల అర్థాలను వివరించే యాస్కుని నిరుక్తంలో నిర్వచనమంటే పదాన్ని విడదీసి, లోపలి అర్థాన్ని వెలికితీసి చూపడం. అలా విప్పి, ఇంతే అని హద్దు గీయడానికి లొంగనిది అనిర్వచనీయం. అంతేగాని దానిని గురించి నోరెత్తరాదని కాదు. ఈనాటి రచయితలు రెండు వాక్యాలు వర్ణించే శ్రమకు కూడా ఓర్వక, ప్రతి సంతోషాన్నీ “అనిర్వచనీయమైన అనుభూతి” అని వదిలిపెడుతున్నారు. తైత్తిరీయోపనిషత్తు “యతో వాచో నివర్తంతే అప్రాప్య మనసా సహ” అన్నది. ‘నివర్తంతే’ అంటే మరలి వస్తున్నాయని గదా! బయలుదేరని వానికి మరలిరావడమెక్కడిది? వాక్కు మనసును తోడు తీసుకొని వెళ్లింది, అందుకోలేక తిరిగివచ్చింది.

ఆ ప్రయాణాన్ని తెలుగులో చూడదలచినవారు పోతన గజేంద్రుని దగ్గరికి పోవాలి. “ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై” అని మొదలయ్యే ఉత్పలమాలలో ‘ఎవ్వఁడు’ అనే సర్వనామం వివిధ విభక్తులలో ఏడుమార్లు వస్తుంది. పరమేశ్వరుడు, మూలకారణం అన్న మాటలున్నా, అవి కూడా ‘ఎవ్వఁడు’ అన్న ప్రశ్నకే అంటుకొని నిలుస్తాయి. నామం వస్తువుకు హద్దు గీస్తుంది. సర్వనామం వేలుపెట్టి చూపుతుందే గాని, చూపినదానిని బంధించదు. నిర్వచనం పొసగని చోట భాషకు మిగిలే దారి ఇదేనని పోతనకు తెలిసినంతగా మన వ్యాకర్తలకు తెలియదేమో అనిపిస్తుంది. “కీర్తింప నేర రెవ్వని” అని మరొక పద్యంలో ఒప్పుకొంటూనే, ఆ పద్యాన్ని “అట్టివాని నుతింతున్” అని ముగించాడు. కీర్తించడం ఎవరికీ చేతగాదని తెలిసీ నుతిస్తున్నాడు. ఆ ‘అట్టి’ మళ్లీ వేలుపెట్టి చూపే మాటే.

తరువాతి కథ చూడండి. ఆ మొర బ్రహ్మాదులు విన్నారు. తమకు విశ్వమయత, అంటే విశ్వమంతా తామే అయి ఉండడం, లేదు గనుక ఊరక ఉండిపోయారు. విశ్వమయుడైన విష్ణువే కదలివచ్చాడు. పేరు పెట్టని పిలుపు ఎవరికి చెందాలో వారికే చెందింది. “కలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో” అన్న సందేహం సైతం ఆ మొరలోనిదే. ఉన్నదో లేదో తేలకపోవడమనే శాస్త్రార్థం పచ్చి తెలుగు క్రియలలో ఇక్కడ వినబడుతుంది. పోతన ఆ పరిభాషను తలచే రాశాడని మాత్రం నేననను.

ఇక దీనికి దగ్గరగా ఉండే ఇతర సంస్కృతపదాల మాట. ‘అవాఙ్మనసగోచరం’ వాక్కుకూ మనసుకూ అందనిది. పాణిని ‘వాఙ్మనస’ అనే చెప్పాడు గనుక ‘అవాఙ్మానస’ అని దీర్ఘమివ్వకుండా రాయడం మేలు. ‘అవాచ్యం’ మాత్రం దైవపరంగా వాడకండి. లోకంలో అది అనరాని మాటకు స్థిరపడింది.

వేదాంతులు చదివే వ్యాసమైతే మీ వాక్యం మార్చుకోవడం మంచిది, ఇతరత్రా ఉండనీయవచ్చు. తెలుగులోనే కావాలంటే “ఇట్టిదని చెప్పరానిది” అనండి. అందులో ‘ఇట్టిదని’ అన్న ముక్కను పొడవైనదని తీసివేయకండి. ఒట్టి ‘చెప్పరానిది’ మిగిలితే అది కూడా అవాచ్యం దారే పడుతుంది.