తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నప్పుడు ఆరోగ్య కార్యకర్త ఇంటికి రావడం అవసరమా?

ఆసుపత్రిలోనే కాన్పు జరిగి, ఇద్దరూ బాగానే ఉన్నప్పుడు ఆరోగ్య కార్యకర్త పదే పదే ఇంటికి రావడం దేనికని మీరు అడిగారు. ఆ పనిని 12 ఏళ్ళు చేసినదానిగా, మొదటి వారంలో అది తప్పనిసరి అని చెబుతాను. నెల నిండకుండా చనిపోయే శిశువుల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది మొదటి ఏడు రోజుల్లోనే పోతారు. పుట్టిన మొదటి రోజున, మూడవ రోజున, వీలైతే ఏడవ రోజున ఇంటికి వెళ్ళి చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2009లో సూచించాయి.

పనిలో చేరిన కొత్తలో నేను గుమ్మంలోనే నిలబడి "పాప బాగుందా?" అని అడిగి, "బాగుంది" అంటే రిజిస్టరులో రాసుకుని వచ్చేసేదాన్ని. ఒక ఇంట్లో మూడవ రోజున బాలింత, బిడ్డ ఏడవకుండా చక్కగా నిద్రపోతోందని సంతోషంగా చెప్పింది. ఎందుకో మనసొప్పక, నా ఎదుటే పాలివ్వమన్నాను. బిడ్డ రొమ్ము నోటికందినా చప్పరించలేదు. ఒళ్ళు తాకితే చల్లగా ఉంది. గడియారం చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెడితే 60 దాటింది, మళ్ళీ లెక్కపెట్టినా అంతే. తల్లి గుండెకు బిడ్డను ఆనించి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పి, వెంటనే ఆసుపత్రికి పంపించాం. బిడ్డ దక్కింది. పసికందుకు జబ్బు చేస్తే గట్టిగా ఏడుస్తుందని అందరూ అనుకుంటారు గాని, చాలాసార్లు అది ఏడుపు మానేస్తుంది, పాలు మానేస్తుంది. ఇంట్లోవాళ్ళకు అది బుద్ధిమంతురాలిలా కనిపిస్తుంది. ఆ రోజు తరువాత బిడ్డ పాలు తాగడం కళ్ళారా చూడకుండా నేను ఏ ఇంటి నుంచీ కదలలేదు.

డొక్కలు ఎగరేయడం, జ్వరం, ఫిట్స్, బొడ్డు చుట్టూ ఎర్రబడటం కనిపించినా ఆలస్యం చేయకూడదు.

బిడ్డ చుట్టూ చేరే బంధువుల్లో తల్లి సంగతి అడిగేవారు తక్కువ కనుక, ఆమెను కాసేపు ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడటం నాకు అలవాటైంది. రక్తస్రావం ఎక్కువైనా, జ్వరం వచ్చినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా అది నిద్రలేమి అని సరిపెట్టుకోవద్దు. రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చే గుర్రపువాతం కాన్పు తరువాత కూడా రావచ్చు. మీ ఇంటికి వచ్చే కార్యకర్త గుమ్మంలోనే ఆగిపోతే, లోపలికి పిలిచి, బిడ్డ పాలు తాగేదాకా కూర్చోమని అడగండి.