వంకర ముక్కు, వంకర కాళ్ల కోడిపిల్లలు: ముందు పుంజును మార్చండి

సగం గుడ్లు మురిగిపోయాయి, లేచిన పిల్లల్లో ఒకదానికి ముక్కు వంకర, రెండిటికి కాళ్లు సరిగా లేవు, పుంజు మాత్రం మూడేళ్లుగా ఇంట్లోదే అని మీరు రాశారు. నా అనుమానం మొదట ఆ పుంజు మీదే. మాది పరకాల వైపు. ఇక్కడ చాలా ఇళ్లలో జరిగేది ఇదే. పుంజు నిగనిగలాడుతోందని ఉంచుకుంటాం, దాని కూతుళ్లే పెట్టలవుతాయి, మళ్లీ వాటినే అది తొక్కుతుంది. రక్తం ఒకటే అయ్యేకొద్దీ లోపల దాగిన లోపాలు బయటపడతాయి. పిండాలు గుడ్డులోనే చనిపోవడం ఎక్కువవుతుంది.

అయితే మురిగిన గుడ్లన్నీ పుంజు ఖాతాలో వేయకండి. ఈసారి పొదగేసిన ఏడో రోజు రాత్రి గుడ్డు వెనక సెల్‌ఫోన్ టార్చ్ పెట్టి చూడండి. ఎర్రటి సన్న నరాలు అల్లుకుని కనిపిస్తే పిల్ల బతికే ఉంది. ఏమీ లేకుండా తేటగా ఉంటే పుంజు కలవని గుడ్డు. నెత్తురు ఉంగరంలా గీత కట్టి ఉంటే పిండం మొదట్లోనే చనిపోయింది. దానికి దగ్గరి రక్తం ఒక కారణం కావచ్చు, పొదగేసే ముందు గుడ్లు వేడికి పాడవడమూ కావచ్చు. మన మే నెల ఎండలకు రేకుల కింద పెట్టిన గుడ్లు ఎలా నిలుస్తాయి? చల్లని చోట ఉంచి, వారం లోపలే పొదగేయాలి.

ఇక కాళ్లు. వేళ్లు లోపలికి పిడికిలిలా ముడుచుకుని, పిల్ల మడమల మీద కూర్చుని జరుగుతుంటే అది ఎక్కువగా బి2 విటమిన్ లోపం. ఉత్త నూకలు, మక్కల మీద పెరిగే పిల్లల్లో, అలాంటి తిండే తినే తల్లి గుడ్లలో ఇది వస్తుంది. త్వరగా చూసుకుంటే నీళ్లలో బి కాంప్లెక్స్ కలిపి ఇస్తే చాలావరకు తేరుకుంటాయి. మొదటి వారాల్లో చిక్ స్టార్టర్ (చిన్న పిల్లల కోసం అమ్మే) దాణా పెట్టండి, తల్లికి ఆకుకూర వేయండి. అదే కాళ్లు రెండు పక్కలకూ చీలిపోతే కారణం నున్నటి నేల. టైల్స్ మీద, పేపర్ మీద పిల్లలను వదలొద్దు, గోనెసంచి పరవండి. పుట్టిన రెండు మూడు రోజుల్లోపే రెండు కాళ్ల మధ్య మామూలు నడకకు సరిపడా ఎడం ఉంచి, మెత్తటి ప్లాస్టర్‌తో వదులుగా కలిపి కట్టండి. రోజూ విప్పి చూడాలి, బిగిస్తే పాదం వాస్తుంది. ఆలస్యమైతే కుదరదు.

ముక్కు వంకరది మందుతో సరికాదు. లోతైన గిన్నెలో తడి దాణా పెడితే బతుకుతుంది, పెంచుకోండి. కానీ దాని గుడ్లు మాత్రం పొదగేయొద్దు. ఈ మాట మీద నేను గట్టిగా ఉంటాను. జాలిపడి ఉంచితే వచ్చే ఏడు మరిన్ని పిల్లలు బాధపడతాయి.

కొంచెం పెరిగాక, రెండు మూడు నెలల పిల్ల ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి చాపి పడిపోతే అది మారెక్స్ అనే వైరస్ జబ్బు కావచ్చు. దానికి మందు లేదు, టీకా పుట్టిన రోజే వేయాలి. దాన్ని వెంటనే వేరుచేసి పశువుల డాక్టరుకు చూపించండి. మీకు దగ్గరైతే వరంగల్ పక్కన మామునూరు వెటర్నరీ కాలేజీ ఉంది.

పుంజును అమ్మక్కర్లేదు. వేరే ఊరి చుట్టాలతో మార్చుకోండి, ఎనిమిది పది పెట్టలకు ఒకటి చాలు. లేదా మీ పొదుగుడు కోడి కింద వాళ్ల గుడ్లు పెట్టండి, ఖర్చు లేకుండా కొత్త రక్తం వస్తుంది. పుంజు మారినా పాతదాని విత్తు పెట్ట ఒంట్లో రెండు వారాలకు పైగా నిలిచి ఉంటుంది. అందుకని మొదటి మూడు వారాల గుడ్లు కూరకే వాడుకుని, ఆ తర్వాతివే పొదగేయండి.