పెంపుడు ఉడుముకి రోజూ ఎలకేనా?

కొత్తపేట నుంచి టెక్సాస్ వచ్చిన ఒక తమ్ముడు అడిగాడు: "అక్కా, మా పిల్లాడు పట్టుబట్టి సవానా మానిటర్ అనే ఆఫ్రికా ఉడుముని కొనిపించాడు. షాపులో ఎలకలు పెడితే చాలన్నారు. ఆదివారం మిగిలిన చికెన్ కూర పెట్టొచ్చా?"

కూర అసలు వద్దు తమ్ముడూ. ఉప్పు, నూనె, ఉల్లి, వెల్లుల్లి దానికి పడవు. పచ్చి చికెన్ ముక్కలు కూడా రోజువారీ తిండి కాదు. ఉత్త కండలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. దానికి కావలసింది పెంకు, ఎముక, పేగులతో సహా మొత్తం జీవి.

మన కోనసీమ ఉడుముని గుర్తు చేసుకో. చేలగట్టు మీద చీలిన నాలుక ఆడిస్తూ బొరియ బొరియకీ ఆగుతుంది. వాసన తగిలిందా, ముందుకాళ్ళ గోళ్ళతో మట్టి తవ్వి, పీతని బయటికి లాగి, పెంకుతో సహా నలిపి మింగేస్తుంది. తర్వాత నత్త, కప్ప, పురుగు, పిట్టగూట్లో గుడ్డు, ఏది దొరికితే అది. మీ ఇంట్లోది వేరే జాతి, ఆఫ్రికా గడ్డిభూముల జీవి. అక్కడ అది తినేది ఎక్కువగా రోకలిబండ పురుగులు, పేడపురుగులు, మిడతలు, కీచురాళ్ళు, నత్తలు, తేళ్ళు. ఎలక ఎప్పుడో గానీ దొరకదు. మరి గాజు పెట్టెలో కదలకుండా పడుకున్నదానికి రోజూ ఎలక పెడితే ఏమవుతుంది? కొవ్వు పట్టి కాలేయం పాడవుతుంది. పొట్ట నేలకి రాసుకుంటుంటే, తోక మొదలు లావెక్కితే, పుష్టిగా ఉందని మురిసిపోకు. అది జబ్బు.

అందుకని పురుగులే అసలు భోజనం. కీచురాళ్ళు, డూబియా బొద్దింకలు, పట్టుపురుగులు మార్చి మార్చి పెట్టు. (ఫ్లోరిడాలో ఉన్నవాళ్ళు డూబియాలు కొనకండి, అక్కడ అనుమతి లేదు.) సూపర్‌వార్మ్స్ అనే పెంకుపురుగు లార్వాల్లో కొవ్వు ఎక్కువ, అప్పుడప్పుడు చాలు. ఏషియన్ స్టోర్‌లో దొరికే పెంకుతో ఉన్న పచ్చి రొయ్య, పీత ముక్క దానికి పండగే. నత్తలు కావాలంటే ఉప్పు, మసాలా లేని డబ్బావి తీసుకో. పెరట్లో ఏరినవి వద్దు, మందు కొట్టినవో, లోపల పురుగులున్నవో తెలియదు. మిణుగురులైతే విషమే. గోల్డ్‌ఫిష్ లాంటి చేపలు తరచుగా పెడితే బీ1 విటమిన్ నశిస్తుంది. గుడ్డు, ఎలక నెలకి ఒకటి రెండుసార్లు.

పురుగు కడుపులో ఏముందో అదే మన ఉడుముకి చేరుతుంది. పెట్టబోయే ముందు రోజు వాటికి క్యారెట్, ఆకుకూర వేయి. తర్వాత ఒక ప్లాస్టిక్ డబ్బాలో పురుగుల్ని, చిటికెడు కాల్షియం పొడిని వేసి మూతపెట్టి మెల్లగా ఊపు. మూత తీసేసరికి ఒళ్ళంతా పల్చగా తెల్లబడాలి, అంతే. ఇది మానేస్తే ఎముకలు మెత్తబడతాయి. వేళ్ళు వణుకుతున్నా, దవడ మెత్తగా తగిలినా వెంటనే సరీసృపాలు చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్ళు. మామూలు కుక్కల డాక్టర్ చాలడు.

ఎంత మంచి తిండి పెట్టినా వేడి లేకపోతే అరగదు. ఎండ కాచుకునే రాయి పైభాగం 130 ఫారెన్‌హీట్ దాకా ఉండాలి, పెట్టెలో రెండోవైపు చల్లగా ఉండాలి. ఎండలోలాంటి అతినీలలోహిత కిరణాలిచ్చే యూవీబీ దీపం, లోతుగా తవ్వుకోవడానికి తడి మట్టి, మునిగేంత నీళ్ళ తొట్టి తప్పనిసరి. ఒళ్ళు ఎండిపోతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్ల ఉడుముకైతే రోజూ పెట్టు, పెద్దదానికి వారానికి మూడు నాలుగుసార్లు చాలు.

దాని గిన్నెలు కిచెన్ సింక్‌లో కడగొద్దు, సాల్మొనెల్లా అనే బాక్టీరియా భయం ఉంది. ఐదేళ్ళలోపు పిల్లల్ని అసలు ముట్టుకోనివ్వకు. సెలవులకి ఊరెళ్ళినప్పుడు బాబు సరదాపడి అక్కడ ఉడుముని పట్టమంటాడేమో, ముందే చెప్పి ఉంచు. మన ఉడుము 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. పట్టినా పెంచినా జైలే.

ఎలకలకి అలవాటుపడింది కాబట్టి మొదట్లో పురుగుల్ని చూసి మొహం తిప్పుకోవచ్చు, టెన్షన్ పడకు. పురుగులకి కొంచెం గుడ్డుసొన రాసి పెట్టు. ఒక పూట తినకపోతే మర్నాడు మళ్ళీ అవే పెట్టు, జాలిపడి ఎలకకి వెళ్ళిపోకు. బరువు మాత్రం వారం వారం చూసి రాసుకో. తగ్గుతూ పోతుంటే ఆ కాగితం తీసుకునే వెట్ దగ్గరికి వెళ్ళు.